మా బావ కాలు, హాస్పిటల్ ఫైలు

వెరికోస్ వీన్స్, అంటే కాళ్ళలో సిరలు ఉబ్బి మెలికలు తిరగడం, ఆ ఆపరేషన్‌కి ఎవరూ అంబులెన్స్‌లో వెళ్ళరండి. పిల్లాడి పరీక్షలు అయిపోనీ, పండగ వెళ్ళనీ, మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి షాపు ఖాళీగా ఉంటుంది అప్పుడు పెట్టుకుందాం, ఇలా మనకి వీలైన రోజు చూసుకుని బ్యాగ్ సర్దుకుని నడుచుకుంటూ వెళ్ళి బెడ్ మీద పడుకునే ఆపరేషన్ అది. నడుచుకుంటూ వెళ్ళిన మనిషి కాలు ఈడ్చుకుంటూ బయటికి వస్తే ఇంట్లోవాళ్ళకి కోపం రావడం సహజం. కానీ ఆ కోపాన్ని ఎటు తిప్పాలో చాలామందికి తెలియట్లేదు, అందరూ డాక్టర్ చెయ్యి తప్పిందా లేదా అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు. నా లెక్క ప్రకారం ఇలాంటి కేసుల్లో థియేటర్ లోపల ఏం జరిగిందన్న దానికన్నా, థియేటర్‌కి ముందు మనకేం చెప్పారు, బయటికి తెచ్చాక ఆ రాత్రి ఎవరు చూశారు, ఈ రెండే పెద్ద విషయాలు. ఎమర్జెన్సీ అయితే టైం లేదు అనొచ్చు. ఇక్కడ అలా అనడానికి లేదు, టైం కావలసినంత ఉంది.

ఇదంతా మాట్లాడటానికి నువ్వెవరు అంటారేమో. నేను గుంటూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో పని చేస్తా, డాక్టర్‌ని కాదు, లాయర్‌ని కాదు. డిశ్చార్జ్ అయిన ప్రతి పేషెంట్ ఫైలు మా టేబుల్ మీదకి వస్తుంది, సంతకం లేని షీట్లు తీసి వెనక్కి వార్డుకి పంపడం, నంబర్ వేసి ర్యాక్‌లో పెట్టడం, ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగితే స్కాన్ చేసి పంపడం, ఇదీ మా ఉద్యోగం. అందుకే మా బావ విషయంలో అందరూ డాక్టర్ గురించి మాట్లాడుతుంటే నాకు మాత్రం ఫైలు గుర్తొచ్చింది.

బావ అంటే మా అక్క వాళ్ళాయన. విజయవాడ వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల షాపులో సేల్స్‌లో ఉంటాడు, పొద్దున పది నుంచి రాత్రి దాకా నిలబడే పని. ఎడమ కాలి పిక్క వెనక సిరలు మెలికలు తిరిగి ఉబ్బిపోయాయి, సాయంత్రానికి కాలు బరువెక్కి మడమ దగ్గర వాపు. విజయవాడలోనే ఒక హాస్పిటల్‌లో చూపించుకున్నాడు, పేరు రాయను, కేసు నడుస్తోంది. రక్తం ఎటు పారుతోందో చూసే డాప్లర్ స్కాన్ తీసి, పిక్క వెనక ఉండే చిన్న సఫీనస్ అనే వెయిన్‌లో, అంటే సిరలో, కవాటాలు పాడయ్యాయి, లేజర్ చేస్తే సరిపోతుంది, మర్నాడే ఇంటికి వెళ్ళిపోవచ్చు అన్నారు. చెప్పింది తప్పేం కాదు, ఈ రోజుల్లో ఎక్కువగా చేసేది అదే. లేజర్ గానీ రేడియో ఫ్రీక్వెన్సీ గానీ వెయిన్ లోపలికి సన్నటి ఫైబర్ పంపి వేడితో దాన్ని మూసేస్తారు, ఫోమ్ ఇంజక్షన్ ఇంకో దారి, పాత పద్ధతిలో కోసి లాగేయడం ఇంకోటి. అసలేమీ చేయించుకోకుండా బిగుతు సాక్స్ వేసుకుని, ఛాన్స్ దొరికినప్పుడల్లా కాళ్ళు పైకి పెట్టుకుని కొన్నేళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. బావకి పుండు లేదు, చర్మం నల్లబడలేదు, కాబట్టి ఆ దారి కూడా తెరిచే ఉంది. ఆ మాట ఆయనకెవరూ చెప్పలేదు.

ఇక్కడ కొంచెం బాడీ గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. తొడ లోపలి వైపు వెళ్ళే పెద్ద సఫీనస్ కన్నా, పిక్క వెనక ఉండే ఈ చిన్నదాని దగ్గర నెర్వ్‌ల, అంటే కదలికనీ స్పర్శనీ నడిపే నరాల, గొడవ ఎక్కువ. పిక్క కింది భాగంలో సూరల్ నెర్వ్ దాన్ని ఆనుకునే వెళ్తుంది, దానికి వేడి తగిలితే పాదం బయటి అంచు మొద్దుబారుతుంది, చిరాకే గానీ నడక పోదు. పైన మోకాలి వెనక టిబియల్, కామన్ పెరోనియల్ అని రెండు పెద్దవి ఉంటాయి, ఈ పెరోనియల్ మోకాలికి బయటి వైపు తిరిగి అక్కడ ఎముక తల కింద చర్మానికి దగ్గరగా వెళ్తుంది. మీ మోకాలి బయటి వైపు కొంచెం కింద తడిమితే గుండ్రంగా ఒక ఎముక తగులుతుంది చూడండి, దాని కిందే. అది దెబ్బతింటే పాదం పైకి లేవదు, ఫుట్ డ్రాప్ అంటారు. అక్కడ దానికి పెద్ద కండ కాపలా ఉండదు కాబట్టి లేజర్ దాకా అక్కర్లేదు, బిగుతుగా చుట్టిన కట్టు గంటల తరబడి అదిమినా చాలు.

బావకి వెన్నుకి మత్తు ఇచ్చారు. చాలాచోట్ల వెయిన్ చుట్టూ నీళ్ళమందు లాంటి లోకల్ మత్తు ఎక్కించి మనిషి మెలకువలో ఉండగానే చేస్తారు, నెర్వ్ దగ్గరకి వేడి వస్తే పేషెంట్ అబ్బా అంటాడు, డాక్టర్ ఆగుతాడు, అదొక సేఫ్టీ. వెన్నుకి మత్తు ఇవ్వడమే తప్పని నేను అనను, ఇచ్చేవాళ్ళు బోలెడు మంది. కానీ ఇచ్చినప్పుడు మత్తు దిగే టైంలో కాళ్ళు చూడాల్సిన బాధ్యత డబుల్ అవుతుంది కదా.

పొద్దున ఆపరేషన్ అయింది, పాదం నుంచి తొడ దాకా కట్టు కట్టారు. సాయంత్రం కాఫీ టైంకి కుడి కాలు కదలడం మొదలైంది, మోకాలు మడిచాడు, వేళ్ళు ఆడించాడు. ఎడమ కాలు మోకాలు మడుస్తున్నాడు గానీ పాదం లేవట్లేదు. మా అక్క వెళ్ళి డ్యూటీ సిస్టర్‌కి చెప్తే "మత్తు ఇంకా దిగలేదమ్మా, పొద్దుటికి సర్దుకుంటుంది" అంది. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ చెప్పింది, డ్యూటీ డాక్టర్ గుమ్మం దగ్గర నుంచే అదే మాట. అక్క పదో క్లాసు చదివింది, అయినా ఆ రాత్రి అందరికన్నా సరిగ్గా ఆలోచించింది ఆవిడే. "మత్తు వెన్నుకి కదా ఇచ్చింది, రెండు కాళ్ళకీ ఒకేసారి ఎక్కింది కదా, ఆ కాలికి దిగి ఈ కాలికి దిగకపోవడం ఏంటి" అని అడిగింది. సమాధానం రాలేదు. కట్టు విప్పి చూడటానికి రెండు నిమిషాలు పడుతుంది, ఎవరూ విప్పలేదు. మర్నాడు పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టర్ చూసి, కట్టు వదులు చేసి, మిథైల్‌కోబాలమిన్ అనే బి12 విటమిన్ మాత్రలు రాసి, ఫిజియోథెరపీ చేయించుకో నెమ్మదిగా వచ్చేస్తుంది అన్నాడు. మన దగ్గర ఏ నెర్వ్ గొడవకైనా ముందు రాసేవి ఆ ఎర్ర మాత్రలేగా. డిశ్చార్జ్ సమ్మరీలో ఫుట్ డ్రాప్ అన్న మాటే లేదు, పరిస్థితి నిలకడగా ఉంది అని రాసి పంపేశారు.

ఇంటికొచ్చాక హవాయి చెప్పు సంగతి. నాలుగడుగులు వేయగానే ఎడమ కాలి చెప్పు ఊడి వెనక ఉండిపోయేది, బావకి ఆ సంగతే తెలిసేది కాదు, ఇంకో రెండడుగులు వేసి నేల చల్లగా తగిలితే అప్పుడు వెనక్కి చూసేవాడు. పాదం పైన స్పర్శ తగ్గింది మరి. మెట్లెక్కితే బొటనవేలు మెట్టు అంచుకి కొట్టుకునేది, కొట్టుకోకుండా మోకాలు బాగా పైకెత్తి పాదం టపీమని వేసేవాడు. కొన్ని వారాలాగి గుంటూరులో న్యూరాలజిస్ట్ దగ్గర నెర్వ్ కండక్షన్ టెస్ట్, అంటే నరంలో కరెంటు ఎక్కడిదాకా సరిగ్గా వెళ్తోందో చూసే పరీక్ష, చేయిస్తే, పెరోనియల్ నెర్వ్‌కి మోకాలి బయటి ఎముక తల దగ్గర అడ్డు పడిందని వచ్చింది. లేజర్ చేసింది పిక్క వెనక నడిమధ్యలో. దెబ్బ ఉన్నది పక్కన. అంటే అనుమానం లేజర్ మీద కన్నా కట్టు మీదకి, లేదంటే టేబుల్ మీద కాలు పెట్టిన తీరు మీదకి వెళ్తుంది. నాకు అది చదివినప్పుడు ఆ రెండు నిమిషాలే గుర్తొచ్చాయి.

మా చుట్టాలు ఊరుకుంటారా. ఒకాయన హాస్పిటల్ ముందు టెంట్ వేద్దాం అన్నాడు, ఇంకొకాయన యూనియన్ లీడర్‌ని తెస్తా నిమిషాల్లో సెటిల్ చేస్తాడు అన్నాడు. మన రాష్ట్రంలో హాస్పిటళ్ళ మీద దాడులకి 2008 నుంచీ విడిగా చట్టం ఉంది, ఒక్క అద్దం పగిలినా కాలు పోయినవాడే ముద్దాయి అవుతాడు, అది చెప్పి ఆపాను. పోలీస్ కేసు పెడదాం అన్నారు. పెట్టొచ్చు, కానీ 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, చాలా ఘోరమైనదై ఉండాలి అని తేల్చేసింది. పోలీసులు కూడా ముందు వేరే డాక్టర్ అభిప్రాయం, వీలైతే ప్రభుత్వ డాక్టర్‌ది, తీసుకున్నాకే ముందుకెళ్ళాలంది. ఆ కేసులో పేషెంట్‌కి పెట్టిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ, అయినా డాక్టర్ మీద క్రిమినల్ కేసు కొట్టేశారు, హాస్పిటల్ మీద సివిల్ బాధ్యత ఉంటే అది వేరే సంగతి అన్నారు. ఇక పెరోనియల్ నెర్వ్ ఎంత. పైగా 106వ సెక్షన్ అని భారతీయ న్యాయ సంహితలో ఇప్పుడు డాక్టర్లకి విడిగా రెండేళ్ళ దాకా శిక్ష పెట్టింది మనిషి చనిపోయిన కేసులకి, కాలికి కాదు.

మిగిలింది కన్స్యూమర్ కమిషన్, అదే వినియోగదారుల కోర్టు. 1995లో వి.పి. శాంత కేసులో డబ్బు తీసుకుని చేసే వైద్యం కూడా సర్వీసే అని సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర నుంచి ఈ దారి ఉంది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే చోటయితే ఈ దారి లేదు, బిల్లు ఇన్సూరెన్స్ వాళ్ళు కడితే మాత్రం మనం కట్టినట్టే లెక్క. 2019 చట్టంలో ఇంకో మంచి పని చేశారు, ఏ కమిషన్‌కి వెళ్ళాలో మనం అడిగే పరిహారాన్ని బట్టి కాదు, హాస్పిటల్‌కి కట్టిన బిల్లుని బట్టి. 50 లక్షల దాకా జిల్లా కమిషనే, బిల్లు 5 లక్షల లోపయితే ఫీజు సున్నా, మనం ఉన్న ఊళ్ళోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయొచ్చు. గడువు రెండేళ్ళు. ఈ రెండేళ్ళనీ చాలామంది ఫిజియోథెరపీ చేయించుకుంటూ, ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అనుకుంటూ తినేస్తారు.

లాయర్ గారు ముందు కన్సెంట్ ఫారం, అంటే ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నామని సంతకం పెట్టే కాగితం, అడిగారు. ఇంగ్లీషులో ఉన్న జిరాక్స్ ఫారం, జిరాక్స్‌కి జిరాక్స్ తీసీ తీసీ కింది లైను సగం మాయమైపోయింది. రిస్కుల కాలమ్‌లో రక్తం పోవడం, ఇన్ఫెక్షన్, మత్తు రియాక్షన్, ఈ మూడే ప్రింటయి ఉన్నాయి. కింద బావ తెలుగు సంతకం, సాక్షిగా అక్క సంతకం, రెండూ థియేటర్‌కి తీసుకెళ్ళే రోజు పొద్దున స్ట్రెచర్ పక్కన పెట్టించినవి. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, వైద్యం ఏంటి, వేరే దారులేమున్నాయి, ముఖ్యమైన రిస్కులేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవి చెప్పి తీసుకున్నదే నిజమైన అంగీకారం అని. ఇక్కడ వేరే దారుల సంగతి అసలు ఎత్తలేదు కాబట్టి మనకి పాయింటే. కానీ అదే తీర్పులో ఎక్కడో అరుదుగా జరిగే రిస్కులన్నీ చెప్పి పేషెంట్‌ని భయపెట్టక్కర్లేదు అని కూడా ఉంది, హాస్పిటల్ లాయర్ పట్టుకునేది ఆ లైనే. ఫుట్ డ్రాప్ అరుదా అంటే అరుదే మరి. అందుకే కన్సెంట్ ఒక్కదాని మీద నిలబడితే కేసు గెలుస్తామన్న నమ్మకం నాకు లేదు, లాయర్ గారికీ లేదు.

ఇప్పుడు నా సబ్జెక్ట్‌కి వద్దాం. కేస్ షీట్, అంటే హాస్పిటల్‌లో ఉన్నన్నాళ్ళూ మన గురించి రాసిన కాగితాలన్నీ, కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్ళు దాచాలి, 2002 మెడికల్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది. బావ వెళ్ళి నోటితో అడిగితే డిశ్చార్జ్ సమ్మరీ ఇచ్చాం కదా ఇంకేం కావాలి అన్నారు. నోటితో అడిగితే ఎవరూ ఇవ్వరండి, మా దగ్గరా అంతే, రెండు కాపీలు రాసుకెళ్ళి ఒకదాని మీద అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంప్ వేయించుకోవాలి. సమ్మరీ కాదు కావలసింది, నర్సుల నోట్స్, మత్తు షీట్, ఆపరేషన్ నోట్స్, గంటగంటకీ రాసే చార్ట్, అన్నీ పేరు పేరునా అడగాలి. అలా రాసిచ్చాక చాలా రోజులకి ఇచ్చారు. అందులో రాత్రి నర్సు నోట్స్‌లో "రెండు పాదాల కదలిక చూశాం, బాగుంది" అని ఇంగ్లీషులో ఒక లైను.

మా అక్క ఏడ్చినంత పనయింది, అబద్ధంరా తమ్ముడూ ఎవరూ చూడలేదురా అని. నేను అడిగింది ఒక్కటే, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారా అని. చేశారు. పైగా ఇన్సూరెన్స్ వాళ్ళు క్వెరీ పెట్టి ఇండోర్ కేస్ పేపర్లు, అదే ఆ కేస్ షీట్, మొత్తం తెప్పించుకున్నారు, అది వాళ్ళ మామూలు అలవాటు. ఆ స్కాన్ కాపీ డిశ్చార్జ్ అయిన కొద్దిరోజులకే వెళ్ళింది, అప్పటికి గొడవ ఇంకా మొదలు కాలేదు. బావ పాలసీదారు కాబట్టి మెయిల్ పెట్టి ఆ కాపీ తెప్పించుకున్నాడు. అదే పేజీ, అదే చేతిరాత, అదే బీపీ రీడింగులు, ఆ లైను మాత్రం లేదు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తే కొత్త లైను కింద గీతకీ పై గీతకీ మధ్య ఇరుక్కుని ఉంది, అక్షరాలు మిగతావాటికన్నా చిన్నవి.

ఒకటి చెప్పాలి, ఫైలు ఇన్‌కంప్లీట్‌గా ఉంటే వార్డుకి పంపి సంతకాలు పెట్టించడం ప్రతి హాస్పిటల్‌లో జరిగేదే, అందులో దొంగతనం ఏం లేదు. మర్చిపోయింది తర్వాత రాయాల్సి వస్తే ఆ రోజు తేదీ, టైం వేసి ఫలానా విషయం ఆలస్యంగా రాస్తున్నా అని రాసి సంతకం పెట్టాలి, మాకు ట్రైనింగ్‌లో చెప్పేది అదే. పేషెంట్ లెటర్ ఇచ్చాక పాత తేదీ కింద గీతల మధ్య ఇరికిస్తే దాని పేరు వేరు.

ఎక్స్‌పర్ట్ సంగతి ఇంకా తలనొప్పిగానే ఉంది. 2010లో వి. కిషన్‌రావు కేసు, మన హైదరాబాద్‌దే, మలేరియాకి టైఫాయిడ్ మందులిచ్చిన కేసు, అందులో ప్రతి కేసుకీ ఎక్స్‌పర్ట్ అభిప్రాయం తప్పనిసరి కాదు, తప్పు దానంతటదే కనిపిస్తుంటే అక్కర్లేదు అన్నారు. కానీ ఏ నెర్వ్ ఎక్కడ దెబ్బతింది, కట్టు ఆ సాయంత్రమే వదులు చేసి ఉంటే తేడా వచ్చేదా అన్నది దానంతటది కనిపించే విషయం కాదు కదా. ఒక వాస్కులర్, అంటే రక్తనాళాల, డాక్టర్ రాసివ్వాలి. విజయవాడ డాక్టర్ గురించి విజయవాడ డాక్టర్ రాయడు, గుంటూరు డాక్టరూ రాయడు, అందరూ ఒకే కాన్ఫరెన్స్‌లో కలుస్తారు. ఒకాయన మాత్రం మాట వరసకి నిజం చెప్పాడు, "నెర్వ్‌కి దెబ్బ తగలడం కాంప్లికేషన్ కిందకి రావచ్చయ్యా, రాత్రంతా చూడకపోవడం రాదు" అని. అదే కాగితం మీద పెట్టండి సార్ అంటే నవ్వి టీ చెప్పాడు. చివరికి ప్రభుత్వ హాస్పిటల్ డాక్టర్ల అభిప్రాయం తెప్పించమని కమిషన్‌నే అడిగాం.

డాక్టర్ల వైపు మాట కూడా చెప్పకపోతే తప్పవుతుంది. డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేస్తే కొంతమందికి వేళ్ళకి రక్తం తగ్గి చెయ్యి చల్లబడుతుంది, తొడ దగ్గర నుంచి యాంజియోగ్రామ్ చేస్తే గుచ్చిన చోట రక్తం గూడు కడుతుంది, మెడ దగ్గర మెదడుకి వెళ్ళే కెరోటిడ్ రక్తనాళానికి ఆపరేషన్ పక్షవాతం రాకుండా చేసేదే గానీ ఒక్కోసారి దాంట్లోనే పక్షవాతం వస్తుంది. ఇవన్నీ ఎంత మంచి చేతుల్లో అయినా జరుగుతాయి, జరిగిన ప్రతిదానికీ నోటీసు పంపితే కష్టమైన ఆపరేషన్ ముట్టుకునేవాడే ఉండడు. బావ డాక్టర్ కూడా చెడ్డవాడని నేను అనుకోవట్లేదు. ఆయన మర్నాడు పక్కన కూర్చుని కట్టు వల్ల అయి ఉండొచ్చు, రాత్రి మావాళ్ళు చూడాల్సింది అని ఒక్క మాట అనుంటే మా బావ కోర్టు గుమ్మం ఎక్కేవాడు కాదు. అనడు, ఎందుకంటే ఇలాంటి కేసుల ఖర్చు కోసం డాక్టర్లు తీసుకునే ఇండెమ్నిటీ పాలసీల్లో ఇన్సూరెన్స్ వాళ్ళని అడగకుండా తప్పు ఒప్పుకోకూడదన్న షరతు మామూలుగా ఉంటుంది. లీగల్ నోటీసు వెళ్ళాక మాట్లాడేది వాళ్ళ లాయరే.

డబ్బు దగ్గర అందరూ కోట్లు అంటారు. కలకత్తా అనూరాధా సాహా కేసులో 2013లో సుప్రీంకోర్టు వడ్డీ కాకుండా దాదాపు 6 కోట్లు ఇప్పించింది, అందరికీ గుర్తుండేది అది. ఆవిడ చనిపోయింది 1998లో, అంటే పదిహేనేళ్ళు, పోరాడిన భర్త స్వయంగా డాక్టర్. కిషన్‌రావు కేసులో జబ్బు 2002, తీర్పు 2010, వచ్చింది 2 లక్షలు. బావ జీతానికి, ఆయన కాలి కదలిక కొంత వెనక్కి వచ్చిందన్న దానికి లెక్క వేస్తే మాది రెండోదానికే దగ్గరగా ఉంటుందని లాయర్ గారు మొహమాటం లేకుండా చెప్పేశారు. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంది, టెస్టులు కావాల్సి వస్తే ఐదు. బెంచి ఖాళీ, వాయిదా, లాయర్ రాలేదు, వాయిదా.

రెండు కాపీల్లో తేడా ఉందని మా అఫిడవిట్‌లో వేశాక హాస్పిటల్ వైపు నుంచి మధ్యవర్తి వచ్చాడు. వైద్య ఖర్చులు మొత్తం వెనక్కి, పైన కొంత, కానీ మా నిర్లక్ష్యం ఏమీ లేదు అని ఒక కాగితం మీద బావ సంతకం కావాలి. అక్క తీసుకుందామంటుంది, పిల్లాడి ఇంజనీరింగ్ ఫీజు ఉంది. నేనూ తీసుకోమనే చెప్పా, ఆ కాగితంలో నిర్లక్ష్యం లేదు అన్న వాక్యం తీసేసి ఇరుపక్షాలూ రాజీ పడ్డాయి అని మాత్రం రాయిస్తే చాలన్నా. బావ ఇప్పుడు షూ లోపల ప్లాస్టిక్ స్ప్లింట్ వేసుకుని షాపుకి వెళ్తున్నాడు, ఓనర్ మంచివాడు, క్యాష్ కౌంటర్‌లో కుర్చీ ఇచ్చాడు. "ఆ లైను ఎవరు రాశారో చెప్తే సంతకం పెడతా, డబ్బు కూడా వద్దు" అంటాడు. అది వాళ్ళు చెప్పరు బావా అంటే, అయితే వాయిదాకి వెళ్దాం అంటాడు. వచ్చే వాయిదాకి హాస్పిటల్ ఒరిజినల్ ఫైలు తెచ్చి చూపించాలని పిటిషన్ వేశాం.